మూఢంలో బాత్రూమ్

మా హాలు పక్కన ఉండే బాత్రూమ్ పొడవు ఏడడుగులు, వెడల్పు నాలుగున్నర. ఆ కొలతలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇరవై ఎనిమిదేళ్ళుగా జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. ఆదాయం, వ్యయం, మిగులు, లోటు అని బోర్డు మీద రాసి ఎంతమంది పిల్లల్ని గట్టెక్కించానో లెక్కలేదు. అలాంటిదాన్ని, మంచం వేస్తే నిండిపోయే గదికి బడ్జెట్ వెయ్యలేక నెలకి పైగా గింజుకున్నాను. గింజుకున్నాను అని ఇప్పటిదాకా అందరికీ చెబుతూ వచ్చాను. అది పూర్తి నిజం కాదు.

మాది బెజవాడలో పాతికేళ్ళ నాటి అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. మా అబ్బాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళాక ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తయ్య. మామయ్య పోయాక అత్తయ్య పామర్రులో ఇల్లు తానే బేరమాడి అమ్మేసి, ఆ డబ్బు తన పేరునే బ్యాంకులో వేసుకుని మా దగ్గరికి వచ్చారు. ఎవరి మీదా ఆధారపడే మనిషి కాదు. డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో కూడా తన చీర తనే ఉతుక్కునేవారు. ఉతికింది చాల్లెండి అంటే, ఇంకా నాలుగు బాదులు ఎక్కువ బాదేవారు.

కానీ మోకాళ్ళు మొరాయించాయి. గొంతుక్కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. హాలు పక్క బాత్రూమ్‌లో ఉన్నది ఇండియన్ బేసిన్. వెస్ట్రన్ కమోడ్ ఉన్నది మా పడకగది లోపలి బాత్రూమ్‌లో. అది వాడుకోండి అత్తయ్యా అంటే, "కొడుకూ కోడలూ పడుకునే గదిలోంచి ఎట్టా వస్తానే? వద్దు" అన్నారు. పోనీ గదులు మార్చుకుందామన్నాను. ఇంటి యజమాని నైరుతి గదిలోనే పడుకోవాలట, ఆ మాట మీద తల్లీ కొడుకూ ఒక్కటైపోయారు. బేసిన్ మీద వేసుకునే ప్లాస్టిక్ స్టూలు కొనుక్కొచ్చాను. అది జారి, మనిషి పడబోయి, స్టూలు బాల్కనీలోకి వెళ్ళి దాని మీద తులసి కుండీ ఎక్కింది.

ఆ ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్ నుంచి ఒకరోజు మూడున్నరకి ఇంటికొచ్చాను. హాల్లో ఫ్యాను తిరుగుతోంది, మనిషి లేదు. బాత్రూమ్ తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"అత్తయ్యా?"

"ఆఁ. వస్తున్నా."

పది నిమిషాలైనా రాలేదు. మళ్ళీ పిలిచాను. ఈసారి గొంతు చిన్నగా వచ్చింది. "అమ్మాయ్, లేవలేకపోతన్నా."

రెండింటికి వెళ్ళారట. గంటన్నర నుంచి కుళాయి పట్టుకుని, గోడకి జారగిలబడి తడి నేల మీద కూర్చుండిపోయారు. గడియ అందదు. చివరికి నేను బయటినుంచి చెబుతుంటే, బాత్రూమ్ కడిగే బ్రష్షు కర్రతో గడియని పొడిచి పొడిచి తీశారు. లోపలికి వెళ్ళి రెండు చంకల కిందా చేతులు వేసి లేపాను. చీరంతా తడిసిపోయింది. నా మొహం చూడలేదు.

"ఎదురింటావిడ ఇంట్లోనే ఉందిగా, గట్టిగా అరిస్తే వినపడేది కదండీ?" అన్నాను.

"వినపడుద్దనే అరవలా" అన్నారు.

ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను, ఆ బాత్రూమ్ పగలగొట్టించి కమోడ్ పెట్టించాలని. అప్పుడే నాకు చీటీ డబ్బు లక్షా ఇరవై వేలు చేతికొచ్చింది. మా ఆయన కూడా సరేనన్నారు. మేస్త్రి వచ్చి టేపు పెట్టి కొలిచి, అరచేతిలో పెన్నుతో రాసుకుని లెక్క చెప్పాడు. కమోడ్‌కి తొమ్మిది వేలు, టైల్స్‌కి పద్దెనిమిది, గొట్టాల పనికి పద్నాలుగు, కూలి ఇరవై రెండు, గోడకి పట్టుకునే స్టీలు కడ్డీలూ చిల్లరమల్లర కలిపి అయిదు. మొత్తం అరవై ఎనిమిది వేలు. నేను దాన్ని మిగిలిపోయిన ప్రశ్నపత్రం వెనకాల శుభ్రంగా పట్టీ గీసి రాసుకున్నాను. పట్టీ గీస్తే పని సగం అయిపోయినట్టు నాకొక నమ్మకం.

అక్కడితో ఆగితే వారంలో పని పూర్తయ్యేది. మా ఇంట్లో ఏ పనీ అక్కడితో ఆగదు.

మా ఆయన నిలుచుని గోడలు చూసి, "ఎలాగూ పగలగొడుతున్నాం, టైల్స్ సగం దాకా ఎందుకు, పైదాకా వేయించేద్దాం" అన్నారు. పదహారు వేలు. తలుపు అడుగున చివికిపోయింది కాబట్టి కొత్త తలుపు, గీజర్‌కి పాయింటు. పదిహేను వేలు. ఈలోపు కంకిపాడు నుంచి మా వదిన వచ్చింది. మా ఆయనకి అక్క. భర్తది ఎరువుల వ్యాపారం, ఈమధ్యే మూడంతస్తుల ఇల్లు కట్టారు, ఆ అనుభవంతో ఊళ్ళో అందరి ఇళ్ళకీ తనే ఇంజినీరు. బాత్రూమ్‌లోకి తొంగి చూసి, మేస్త్రి సుద్దముక్కతో గీసిన గీత చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేంటి, కూర్చుంటే మొహం తూర్పుకొస్తందిగా! సూర్యుడికెదురుగా కూర్చుంటారా ఎవరన్నా? ఉత్తరమన్నా ఉండాల, దక్షిణమన్నా ఉండాల."

"గొట్టం అక్కడుంది వదినా. తిప్పాలంటే నేలంతా తవ్వాలి."

"తవ్వండి. ఒక్కసారి చేయించుకునేదాని దగ్గర పిసినారితనమేంటి? అమ్మకి రేపేదన్నా అయితే ఆ పాపం ఎవరిది?"

కమోడ్‌ని ఉత్తరానికి తిప్పడానికి ముప్పై అయిదు వేలు. పోతూ పోతూ, ఒక బాత్రూమ్ కొత్తగా ఉండి రెండోది పాతగా ఉంటే ఇల్లు అతుకులబొంతలా ఉంటుందని ఒక మాట అనేసి, కారెక్కి వెళ్ళిపోయింది. ఆ మాట మా ఆయన చెవిలో ఉండిపోయింది. మా గదిలో బాత్రూమ్‌కి తొంభై వేలు. నా పట్టీ కొండవీటి చాంతాడంత అయి, కింద రెండు లక్షల ఇరవై నాలుగు వేలని తేలింది. చేతిలో ఉన్నది అందులో సగం.

అత్తయ్య తన బ్యాంకు డబ్బు ఇస్తానన్నారు. మా ఆయనకి పౌరుషం వచ్చింది. అమ్మ డబ్బుతో బాత్రూమ్ కట్టించుకున్నామని కంకిపాడులో చెప్పుకోవాలా అన్నారు. పెద్దావిడ తన మంచం మీదికి వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ కోసం మొదలైన పనిలో ఆవిడ మాట చెల్లలేదు. నాకు అప్పుడే కోపం రావాల్సింది, రాలేదు. నేను పట్టీలో ఏది కోసెయ్యాలా అని చూస్తున్నాను.

ఇలా కొట్టుకుంటూ ఉండగా మా ఆయన పంచాంగం చూసే ఆయనకి ఫోన్ చేశారు. వచ్చే మంగళవారం నుంచి మూఢమట. రెండు నెలల పైచిలుకు. శుభకార్యాలు లేవు, కొత్త పనులు మొదలుపెట్టకూడదు. మరుగుదొడ్డికి మూఢమేంటండీ అని నేను నవ్వాను. ఇంటి నేల పగలగొట్టడం చిన్న విషయం కాదని ఆయన, ఫోన్లో వదిన, ఇద్దరూ ఒకే మాట. ఆ చిక్కుముడికి ఉపాయం కూడా వదినే చెప్పింది. మొదలుపెట్టకూడదు గానీ, ముందే మొదలైన పని కొనసాగించుకోవచ్చు. మూఢం రాకముందు మంచి ముహూర్తంలో ఒక్క గునపం దెబ్బ వేసేస్తే చాలు, పని మొదలైనట్టే. తర్వాత తీరిగ్గా డబ్బు సర్దుకుని చేయించుకోవచ్చు. వాళ్ళ ఇల్లూ అలాగే మొదలైందట.

మేస్త్రి కూడా తలాడించాడు. "ఒక్క దెబ్బేస్తే చాలు మేడమ్. అందరూ అట్టాగే చేత్తారు. అడ్వాన్సు ఇచ్చేయండి, మీ పని నా పుస్తకంలో ఎక్కిపోద్ది." నలభై వేలు ఇచ్చాం.

నాకు మనసులో శంక లేకపోలేదు. బడ్జెట్ తేలకుండా పని మొదలుపెట్టకూడదని ఏటా పిల్లలకి చెప్పే పాఠమే. కానీ ఇంట్లో అందరూ ఒక పక్కన ఉన్నప్పుడు మన పాఠం మనకే రాదు.

సోమవారం పొద్దున్నే ముహూర్తం. గునపానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. బాత్రూమ్ గడప దగ్గర అగరొత్తులు. అత్తయ్య కుర్చీ వేసుకుని హాల్లోంచి చూస్తున్నారు, మొహంలో పండగ కళ ఉంది. ఈశాన్య మూల కొట్టాలన్నారు. మా ఆయన పంచె ఎగ్గట్టి, రెండు చేతులా గునపం ఎత్తి దించారు. ఆఫీసులో ఫైళ్ళు మోసిన చేతులకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఠప్పున టైలు పగిలింది, దాని కింద ఇంకేదో కూడా పగిలిన చప్పుడైంది. మేస్త్రి వంగి చూసి, "ఏం కాదు సార్" అన్నాడు. కొబ్బరి ముక్క నోట్లో వేసుకుని, మైలవరంలో ఇంకో ఇంటి పనుందని బండెక్కి వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం కింది ఫ్లాటాయన పైకొచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు గారు, మెత్తని మనిషి. గుమ్మం బయటే నిలబడి చేతులు కట్టుకున్నారు.

"ఏమీ అనుకోకండమ్మా. ఒక్కసారి కిందికొచ్చి చూస్తారా?"

కిందికెళ్ళి చూశాను. సరిగ్గా మా బాత్రూమ్ కింద వాళ్ళు పూజగది కట్టుకున్నారు. తలుపులు తీస్తే, పైకప్పు మీద చేటంత తడి మరక, దాని మధ్యనుంచి చుక్క తర్వాత చుక్క. పటాలన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టుకున్నారు. వాళ్ళావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలుచుంది. ఆ నీళ్ళు ఎక్కడివో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

"గొట్టం బాగయ్యేదాకా ఆ బాత్రూమ్ వాడకుండా ఉంటే మేలండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు" అన్నారాయన. తిట్టినా బాగుండేది.

పైకొచ్చి వాల్వు కట్టేసి, బాత్రూమ్‌కి తాళం వేశాను. మేస్త్రికి ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తిన రోజున, "మైలవరం స్లాబు పడ్డాక వస్తా మేడమ్" అంటాడు. వీధి చివర ఉండే ఇంకో మేస్త్రిని పిలిచాను. అతను వచ్చి పసుపు మరకలున్న ఆ పగులు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది ఒకాయన కొట్టి మొదలుపెట్టిన పనండి. ఆయన ఒప్పుకోకుండా నేను చెయ్యి పెట్టకూడదు. రేపు నా పనిలో ఇంకోడు చెయ్యి పెడితే నేనూరుకుంటానా?"

అతను ఒప్పుకున్నా మా ఆయన ఒప్పుకునేలా లేరు. మేస్త్రి మారితే మళ్ళీ కొత్తగా మొదలుపెట్టినట్టట, మూఢంలో ఎలా అట. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. గొట్టం బాగుచేయించాలంటే మేస్త్రి కావాలి, మేస్త్రిని మార్చాలంటే మూఢం పోవాలి, మూఢం పోయేసరికి కింద దేవుళ్ళు డైనింగ్ టేబుల్ మీదే ఉంటారు. నేను మధ్యలో నిలబడి రోజూ మెట్ల మీద హెడ్మాస్టరు గారికి ఎదురుపడకుండా లిఫ్టు ఎక్కి దిగడం మొదలుపెట్టాను.

ఇక అత్తయ్యకి మా గదిలోంచి వెళ్ళడం తప్పలేదు. పొద్దున నేను వంటింట్లో, మా ఆయన పేపరుతో బాల్కనీలో ఉండగా ఒకసారి. సాయంత్రం దీపాలవేళ ఒకసారి. వెళ్ళే ముందు తలుపు మీద వేళ్ళతో కొట్టేవారు, గదిలో ఎవరూ లేరని తెలిసినా. బయటికి వచ్చేటప్పుడు మా మంచం వైపు చూడకుండా గోడ పట్టుకుని వచ్చేవారు. రోజుకి ఆ రెండుసార్లే.

బెజవాడలో ఏప్రిల్ చివర అంటే కుండలో నీళ్ళు కూడా వేడెక్కే కాలం. నాలుగో రోజున గమనించాను. మధ్యాహ్నం ఇచ్చిన మజ్జిగ గ్లాసు కిటికీలో అలాగే ఉంది. అంతకుముందు రోజు పుచ్చకాయ ముక్కలూ ముట్టలేదు. భోజనంలో చారు మానేశారు, ముద్దపప్పు కలుపుకుని రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు. మాత్ర వేసుకోవడానికి మాత్రం గుక్కెడు. "దాహం లేదే" అన్నారు.

నాకు చప్పున అర్థమైంది. అర్థం కాకపోవడానికి లేదు. ఆ విద్య నేను ఆవిడ ఇంట్లోనే నేర్చుకున్నాను.

పెళ్ళైన కొత్తలో రెండేళ్ళు పామర్రులో ఉన్నాం. మరుగుదొడ్డి ఇంటి వెనక, గొడ్లపాక దాటి, గడ్డివాము దాటి, పెరటి చివర ఉండేది. ఇంట్లోనే ఒకటి కట్టిద్దామని మామయ్య అంటే, "దేవుడున్న ఇంట్లో పాయిఖానా ఏంటి" అని అత్తయ్య అడ్డం పడ్డారు. ఆ డబ్బుతో గొడ్లపాకకి రేకులు వేయించారు. అప్పుడు నాకు ఆరో నెల. కడుపుతో ఉన్న పిల్ల చీకటిపడ్డాక పెరట్లోకి ఒంటరిగా వెళ్ళకూడదు, తోడుగా ఆడమనిషి ఉండాలి. ఆ ఇంట్లో ఆడమనిషి అంటే అత్తయ్య ఒక్కరే. అన్నాలు కాగానే ఆవిడ నవారు మంచం మీద వాలిపోయేవారు. పక్కన నిలబడి నెమ్మదిగా, "అత్తయ్యా" అనేదాన్ని. కాస్త ఆగి మళ్ళీ అనేదాన్ని. లేచేవారు కాదు. పొద్దుటినుంచి పాలు, పేడ, కూలీలకి వంట, ఎంత చాకిరీ చేస్తారో కళ్ళతో చూసేదాన్ని కాబట్టి, పాపం అలిసిపోయి నిద్రపట్టేసింది అనుకుని వెనక్కి వచ్చేసేదాన్ని. తెల్లారేదాకా పళ్ళు బిగించుకుని పడుకునేదాన్ని. కొన్నాళ్ళకి మధ్యాహ్నం మూడు దాటితే నీళ్ళు తాగడం మానేశాను. ఎండిన పెదాలు తడి గుడ్డతో అద్దుకుంటే సరిపోతుందని కూడా కనిపెట్టాను. ఏడో నెలలో చలిజ్వరం వచ్చి బందరు ఆసుపత్రిలో అయిదు రోజులున్నాను. కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ అన్నారు. అదృష్టం బాగుండి బిడ్డకేమీ కాలేదు. "కడుపుతో ఉన్నవాళ్ళకి ఇయ్యన్నీ మామూలే" అన్నారు అత్తయ్య.

అందువల్ల ఆవిడ నీళ్ళెందుకు తగ్గించారో నాకు నాలుగో రోజునే తెలిసింది. తెలిసి, పదకొండు రోజులు నోరు విప్పలేదు.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి. ఆ పదకొండు రోజులూ నేనేం చేశానంటే, బడ్జెట్ వేశాను. సెలవులిచ్చేశారు కాబట్టి తీరిక దొరికింది. వన్ టౌన్‌లో శానిటరీ షాపులు, టైల్స్ షాపులు అన్నీ తిరిగాను. ఒక్కో కుళాయికి మూడు షాపుల ధరలు రాసుకున్నాను. లేత బూడిదరంగు టైలా, గంధం రంగు టైలా అని నమూనా ముక్కలు తెచ్చి సోఫా మీద పేర్చాను. మేస్త్రికి రోజూ ఒకసారి ఫోన్ చేసి, అతను ఎత్తలేదని మా ఆయనకి చెప్పి, నా పని అయిపోయిందనుకున్నాను. ఎవరన్నా చూస్తే, అత్తగారి కోసం కోడలు ఎంత తాపత్రయపడుతోందో అనుకుంటారు. వదిన అలాగే అంది కూడా. లోపల మాత్రం ఒక మూల చిన్న గొంతు, "తెలియనీ, తెలిసిరానీ" అంటూ ఉండేది. ఆ గొంతు నాదే. మజ్జిగ గ్లాసు నిండుగా వెనక్కి వచ్చినప్పుడు, తాగండి అత్తయ్యా అని ఒక్కమాట అనకుండా సింకులో పారబోసేదాన్ని.

పన్నెండో రోజు పొద్దున ఆవిడ పిలిస్తే పలకలేదు. ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు బీటలు వారాయి. మా ఆయన్ని తన తమ్ముడి పేరుతో పిలుస్తున్నారు, ఆ తమ్ముడు పోయి ఇరవై ఏళ్ళు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఒంట్లో నీరు లేదు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతోంది అన్నాడు డాక్టరు. చిన్న కుర్రాడు, నా పాత విద్యార్థుల వయసువాడు.

"నీళ్ళు తాగట్లేదని ఇంట్లో ఎవరూ చూడలేదాండీ?" అన్నాడు.

మా ఆయన నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. ఆయనకి నిజంగానే తెలియదు. ఆ గదిలో తెలిసినది నాకొక్కదానికే.

మంచం పక్కన గొట్టానికి వేలాడుతున్న మూత్రం సంచీని, కాస్త తెలివి రాగానే అత్తయ్య దుప్పటి అంచు లాగి కప్పబోయారు. చెయ్యి అందలేదు. నేను కప్పాను. మా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి, బయటికొచ్చి మేస్త్రికి మెసేజ్ పెట్టాను. "అడ్వాన్సు నలభై వేలూ నువ్వే ఉంచుకో. నేనడగను. పని వదిలేసినట్టు ఒక్క మాట చెప్పు చాలు." రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. పదిహేను రోజులుగా తప్పించుకు తిరిగినవాడు తనే చేశాడు. ఆటోలో మా వీధికెళ్ళి, మళ్ళీ అతనికే కలిపి ఫోన్ వీధి చివర మేస్త్రి చేతిలో పెట్టాను. "చేసుకో అన్నా, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు అవతలినుంచి. మర్యాదగల వ్యవహారమే, మధ్యలో మునిగింది నేనొక్కదాన్నే.

రెండో మేస్త్రి, "ఎటు తిప్పమంటారు మేడమ్?" అనడిగాడు.

"గొట్టం ఎటుంటే అటు."

"తూర్పొస్తదండి."

"రానీ."

సాయంత్రం ఆసుపత్రిలో మా ఆయనకి చెప్పాను. మూఢం అన్నారు. అక్కకేం చెబుతాం అన్నారు. నేను మొదటిసారి ఆయన మీద గొంతు పెంచాను, వార్డులో నలుగురూ తిరిగి చూశారు. "మీ అక్కయ్యగారు వచ్చి మీ అమ్మగారిని ఎత్తి కూర్చోబెడతారేమో అడగండి" అన్నాను. పొద్దున ఆయన నాకంటే ముందే ఇంటికెళ్ళి ఇసుక బస్తాలు పైకి మోయించారు. ఆయన మంచివారే, ఎవరో ఒకరు గట్టిగా చెబితే వినే మంచితనం. ఇన్నాళ్ళూ గట్టిగా చెప్పింది వదిన.

పని నాలుగు రోజులు. పగిలిన గొట్టం మార్చారు, తెల్లటి మామూలు కమోడ్ పెట్టారు, గోడకి అటూ ఇటూ స్టీలు కడ్డీలు బిగించారు. టైల్స్ తవ్విన మేరకే. పాత ఆకుపచ్చ పక్కన కొత్త తెలుపు, అతుకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ముప్పై ఒక్క వేలు అయింది. హెడ్మాస్టరు గారి పైకప్పుకి సున్నం వేయించిన ఖర్చు కూడా అందులోనే. రెండు లక్షల ఇరవై నాలుగు వేల పట్టీ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది, చింపెయ్యడానికి మనసొప్పలేదు. పదకొండు రోజులు నేనేం చేశానో చెప్పే కాగితం అదొక్కటే.

వారం తర్వాత అత్తయ్యని ఇంటికి తెచ్చాం. సగం మనిషయ్యారు. చెయ్యి పట్టుకుని హాల్లో నడిపించి కొత్త బాత్రూమ్ దాకా తీసుకెళ్ళాను. గుమ్మంలో ఆగి, లోపల అంతా చూశారు. ఎటు ముఖమో ఆవిడకి తెలియకుండా ఉండదు. అయినా ఒక కడ్డీ పట్టుకుని, తర్వాత రెండోది పట్టుకుని, తనంతట తనే కూర్చున్నారు. "నువ్వెళ్ళు" అన్నారు. తలుపు దగ్గరగా వేశాను గానీ వెళ్ళలేదు. పడిపోతారేమోనని గుమ్మం పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"అమ్మాయ్, అక్కడే ఉన్నావా?"

"ఉన్నానండి."

తలుపు వెనకనుంచి, రోజూ కూరేంటని అడిగే గొంతుతోనే అన్నారు.

"పామర్రులో నువ్వు మంచం పక్కనొచ్చి పిలిచేదానివి చూడు. నేను నిద్రపోయేదాన్ని కాదే. మెలకువగానే ఉండేదాన్ని."

ముప్పై ఏళ్ళుగా నేను ఆవిడ మీద పెట్టుకున్న కోపంలో ఇది లేదు. గొడ్లపాక రేకుల మీద, దేవుడున్న ఇంట్లో ఏంటన్న మాట మీద కోపం పెట్టుకున్నాను గానీ, ఆ నిద్రని మాత్రం నిజమనే నమ్మాను. చాకిరీ చేసి అలిసిపోయిన మనిషని జాలిపడ్డాను.

ఎందుకలా చేశారని అడగాలి. నోటికి వచ్చింది వేరే మాట.

"మీరు మజ్జిగ తాగట్లేదని నాకూ తెలుసండి అత్తయ్యా. మొదట్నుంచీ తెలుసు."

"తెలుసులే" అన్నారు.

లోపల ఫ్లష్ నొక్కిన చప్పుడైంది. ట్యాంకు నిండడానికి చాలాసేపు పట్టింది. అది నిండేదాకా తలుపుకి ఇటు నేను, అటు ఆవిడ. తర్వాత ఆవిడ, "లేపు" అన్నారు. నేను లోపలికి వెళ్ళాను.